మూడేండ్ల ఎండ

సిరిసిల్ల,
11-2-1990, ఆదివారం.

ఇయ్యాల అయిన పని: నల్లా నీళ్ళు ఏడు బిందెలు. వాకిలి ఊడ్చి చల్లిన. పద్నాలుగు జొన్నరొట్టెలు, చింతపండు పులుసు. అత్తకు నీళ్ళు కాగబెట్టి పోసిన. రెండు దుప్పట్లు, నాలుగు చీరెలు ఉతికిన. సాంచాల మగ్గాలకు నూలు కండెలు నూట ఇరవై చుట్టిన. రోజూ రెండు వందలు దాటుతుండె. ఇయ్యాల ఊర్మిల చెయ్యి లేదు.

నా రాజమణి అక్కకు, నీ చెల్లె సరోజన ప్రేమతోని రాసేది.

ఇన్నేండ్ల తర్వాత నా చేతిరాత చూసి గుండె పట్టుకోకు. అందరం బతికే ఉన్నం. ఈ ఉత్తరం పోస్టుల వేస్తలేను. మీ ఇంటికి వచ్చే ఉత్తరాలు ముందుగాల పోలీస్ స్టేషన్‌ల విప్పుతరని విన్న. మా వాడకట్టు బుచ్చయ్య మీ కోరుట్లకు పెండ్లికి వస్తున్నడు, ఆయన చేతికి ఇస్తున్న. చదివి పొయ్యిల వెయ్యి.

సంగతి నా బిడ్డ ఊర్మిల గురించి. శుక్రవారం పొద్దున రాట్నం ముందు నుంచి లేవబోయి కూలబడ్డది. కాలు జారలే, దేనికీ తట్టుకోలే. లేస్తుంటే తొడల ఏదో పుటుక్కుమన్నది అంటది. అప్పటి నుంచి ఆ కాలు కింద మోపరాదు. మొన్ననే దానికి పదిహేను నిండినయి.

కట్టు కట్టే చంద్రయ్యను పిలిపించిన. వెదురు బద్దలు, కోడిగుడ్లు పట్టుకోని వచ్చిండు. తొడ, పిక్క, మణికట్టు అన్ని ఒత్తి చూసిండు. చూసి బద్దలు మళ్ళ సంచిల పెట్టుకున్నడు.

"వదినా, నలభై ఏండ్ల సంది కడుతున్న. గీ పిల్ల ఎముక నా ఏళ్ళకు ఎముక తీరు తగుల్తలేదు. పచ్చికట్టె తీరున్నది. నేను ముట్ట. పెద్ద దవాఖానకు తీస్కపో" అన్నడు.

మా అత్త లసుమవ్వ ఊకుంటదా? "ఏడాది సంది మొత్తుకుంటున్న, పిల్ల బాతు తీరు నడుస్తున్నదని. నా మాట ఎవలిన్నరు? నాకు డెబ్బై ఏండ్లు, నేను నీళ్ళబిందె మోస్త. ఇది తన ఒళ్ళు తను మోస్తలేదు. మా ఇద్దర్ల ముసలిదెవలో నువ్వే చెప్పు చంద్రయ్యా!" అన్నది. అంత నొప్పిల గూడ ఊర్మిల నవ్వింది. నాకు నవ్వు రాలే.

కరీంనగర్ పోవుడు నాకు ఇష్టం లేదు. దారిల పోలీసులు రెండు చోట్ల బస్సు ఆపి ఎక్కడోళ్ళు, ఎందుకొచ్చిండ్రు అని రాసుకుంటున్నరట. జగిత్యాలల ఎముకల డాక్టరు ఉన్నడని చంద్రయ్యే చెప్పిండు. నీ మరిదికి, అదే ఊర్మిల నాయినకు, భీవండిల సాంచాల మీద సెలవు దొరకదు, దొరికినా వచ్చేసరికి వారమైతది. పిల్లను బస్సు ఎక్కించుడు, దించుడు నా ఒక్కదానితోని అయ్యేది కాదు.

నిన్ను అడిగే ముఖం నాకు లేదని తెలుసు. మీ బిడ్డ భాగ్య అన్నలల్ల కలిసి అడివికి పోయినప్పుడు, పోలీసులు మీ ఇంటి సామాను బజాట్ల పారేసినప్పుడు నేను రాలే. మనిషిని గూడ పంపలే. వస్తే నా ఇల్లు గూడ వాళ్ళ కండ్ల పడతదని భయపడ్డ. అయినా అడుగుతున్న. గురువారం పదకొండు గంటలకు జగిత్యాల బస్టాండుల దిగుతం. నువ్వు రాకపోతే నేను ఏమీ అనుకోను.

నీ చెల్లె
సరోజన


సిరిసిల్ల,
4-3-1990.

నా అక్కకు,

నువ్వు రావనుకున్న. బస్సు ఆగక ముందే కిటికీ పక్కన ఉరుక్కుంట వచ్చినవు. ఊర్మిలను ఒక దిక్కు నువ్వు, ఒక దిక్కు నేను పట్టుకోని దించినం. అది ఎంత తేలికగ ఉన్నదో నీ ముఖం చూస్తె తెలిసింది. మూడు దినాలు దవాఖాన వరండాల నా పక్కన పండుకున్నవు. భాగ్య మాట నువ్వు ఎత్తలే, నేను ఎత్తలే. "డాక్టరు ఏమన్నడే?" అని ఒక్కటి అడిగినవు. "ఎముకలల్ల బలం లేదట" అన్న. అది సగం మాట. మిగిలిన సగం నీ ముఖం చూసుకుంట చెప్పరాలే. అందుకే రాస్తున్న.

నువ్వు ఛాయ్ తేవడానికి పోయినప్పుడు డాక్టరు నన్ను లోపలికి పిలిచిండు. అంతకు ముందే ఊర్మిలను బల్ల మీద పండుకోబెట్టి మణికట్లు పట్టి చూసిండు, లావుగ ఉన్నయన్నడు. పక్కటెముకల మీద వేళ్ళు పోనిచ్చిండు. ముంగాలు ఎముక ఒత్తితే పిల్ల కేకపెట్టింది. రెండు మోకాళ్ళు ఆనిచ్చి, మడిమల మధ్య సందు కొలిచిండు. నాలుగు వేళ్ళు వచ్చింది. గోడకు పట్టీ పెట్టి పొడుగు చూద్దామంటే నిలబడ రాదాయె. ఎక్స్‌రే ఫోటో తీయించి వెలుగుకు పట్టి చూపిచ్చిండు. ఎముకలు పొగ తీరు మసకగ ఉన్నయి. తొడ ఎముకల అడ్డంగ సన్నని బీట. "పడ్డందుకు ఇరిగింది కాదమ్మా. మెత్తబడి, తన బరువుకు తనే బీట పెట్టింది" అన్నడు.

"పిల్ల ఏం తింటది?" అని అడిగిండు.

నా పొడుగు పుస్తకం నీకు తెలుసు గద. పెండ్లయిన ఏడు నుంచి ఏ పని ఎంతయింది, ఏం వండిన, ఎవలెంత తిన్నరు అన్ని రాస్త. పనికొస్తదని సంచిల పెట్టుకొచ్చిన. తీసి ఇచ్చిన. ఏ తల్లి ఇంత పద్ధతిగ రాస్తది అని నా మనసుల ఉన్నది. ఆయన ఒక్కొక్క కాగితం తిప్పిండు. జొన్నరొట్టె, పులుసు. అన్నం, తొక్కు. రొట్టె, పులుసు. నల్లఛాయ్. చాన సేపు తిప్పి, ఒక కాడ వేలు పెట్టిండు. "కొమురయ్య పాలు బందు" అని నా రాతే. ఎనభై ఏడు ఫిబ్రవరి.

"దీని తర్వాత పాలు ఎక్కడ గూడ లేవు" అన్నడు.

"లేవు సార్."

"ఎండల ఎంతసేపు ఉంటది?"

"ఎండనా? అసలే ఉండదు సార్. మా పిల్ల అసొంటిది కాదు. మూడేండ్ల సంది గడప దాటలే."

గొప్పగనే చెప్పిన అక్కా. మంచి పిల్ల అని, నేను మంచిగ పెంచిన అని. ఆయన కలం కింద పెట్టిండు.

"బడికి?"

"ఏడుల మానిపించిన."

"ఇంటెనక జాగ లేదా?"

"దొడ్డి ఉన్నది సార్. దాని మీద రేకులు కప్పించిన, ఎవలు గోడ దుంకకుంట."

"అమ్మా, ఈ వయసుల ఎముక పొడుగైతది, గట్టిపడతది. దానికి పాలల్ల, రాగులల్ల, అదే మన తైదలల్ల ఉండే సున్నం కావాలె. తిన్న సున్నం ఎముకకు పట్టాలంటె ఒంటికి ఎండ తగలాలె. నువ్వు రెండు గూడ బందు పెట్టినవు." ఆయన కోపం చెయ్యలే. చేస్తె బాగుండు. పుస్తకం మూసి నా దిక్కు జరిపిండు. "రోగం ఏందో మిషిను కన్న సాఫుగ నీ పుస్తకమే చెప్పింది" అన్నడు.

ఎందుకు బందు పెట్టిన్నో నీకు తెలవాలె. ఎనభై ఆరు దసరాకు భాగ్య మా ఇంట్ల పది దినాలు ఉండె. ఇద్దరు ఒక్క దుప్పట్ల పండుకోని గుసగుసలు పెడుతుండిరి. భాగ్య నేర్పిన పాటలు ఊర్మిల గిన్నెలు తోముకుంట పాడుతుండె. మూడు నెలలకు భాగ్య పోయింది అని తెలిసింది. ఆ దినం నేను ఊర్మిల ముఖం చూసిన. పన్నెండేండ్లు. మా వాడకట్టుల అప్పటికే ఇద్దరు పోయిండ్రు, ఒకల శవం వచ్చింది, ఒకలది రాలే. తెల్లారి బడి మానిపించిన. వీధి తలుపుకు లోపల తాళం పెట్టి చెవి బొడ్ల చెక్కుకున్న. పాలు పోసే కొమురయ్యది గంభీరావుపేట దిక్కు పల్లె, ఆ దిక్కు అన్నలు మీటింగులు పెడుతరని అంటుండిరి. పాలచెంబుల భాగ్య చీటీ తెస్తడేమో అని వాణ్ణి గూడ మానిపించిన.

ఇదంత నీ బిడ్డ వల్లనే అని మూడేండ్లు అనుకున్న. ఇప్పుడు గూడ సగం మనసు అదే అంటది. అబద్ధం ఎందుకు రాయాలె? నీ బిడ్డ నీ ఇల్లు ఇడిచి పోయింది, పోయేటప్పుడు నా ఇంటి తలుపు మూసి పోయింది.

ఇగ అసలు మాట. ఇది డాక్టరుకు గూడ చెప్పలే.

ఊర్మిల కాళ్ళ నొప్పులు నాకు మొన్న తెలిసినయి కావు. పోయిన ఎండాకాలమే "అమ్మా, తొడలు గుంజుతున్నయ్, మెట్టు ఎక్కరాదు" అన్నది. నూనె రాసిన. ఒక దినం నేను పొయ్యి కాడ ఉన్న. అది రాట్నం ముందు నుంచి లేస్తున్నది. ముందుగాల రెండు చేతులు నేల మీద పెట్టింది, తర్వాత మోకాలి మీద, తర్వాత గోడ పట్టుకున్నది. పద్నాలుగేండ్ల పిల్ల అట్ల లేస్తుంటే తల్లికి దుఃఖం రావాలె గద? నాకు నిమ్మళం అనిపించింది అక్కా. గోడ పట్టుకోని లేచే పిల్ల గుట్టలెక్కదు అనుకున్న. నడవరాని దాన్ని ఏ దళం తీస్కపోతది అనుకున్న. ఆ దినం కడుపునిండ అన్నం తిన్న. పుస్తకంల "ఊర్మిలకు కాళ్ళ నొప్పులు, నూనె రాసిన" అని రాసిన. నిమ్మళం సంగతి రాయలే.

పిల్లను దవాఖానల చూపియ్యుమని నీ మరిది భీవండి నుంచి రెండుసార్లు రాసిండు. మంచిగనే ఉన్నదని జవాబిచ్చిన. ఎండల కూసోబెట్టుమని మా అత్త అంటే, పిల్ల నల్లగైతదని నోరు మూయించిన. ఏడాది, అక్కా. ఆ ఏడాది ముందు పోతే ఎముక బీట పెట్టకపోవు.

ఇప్పుడు నడుము దాక పిండికట్టు. నెలకొక సూది, పూటకు రెండు గోలీలు. కట్టు విప్పినంక ఎండ, తిండి, నడక. ఆరు నెలలు చూస్తడట. అప్పటికి కాళ్ళు మొయ్యకపోతె ఎముక కోసి సరిచెయ్యాలె, అది హైదరాబాదుల. నిలబడుతదా అని అడిగితే, "నిలబడాలె" అన్నడు, అంతే.

నిన్న దొడ్డి మీది రేకులు పీకించిన. నువ్వు ఇది చదివినంక మళ్ళ నా ముఖం చూడకపోయినా నీది తప్పు కాదు.

సరోజన


సిరిసిల్ల,
12-8-1990.

ఇయ్యాల అయిన పని: నీళ్ళు ఐదు బిందెలు నేను, రెండు చెంబులు ఊర్మిల. రొట్టెలు పన్నెండు. తైదంబలి ఒక గిన్నె. మునగాకు పప్పు. కండెలు ఎనభై, అన్ని నేనే.

నన్ను ఇడిచిపెట్టని అక్కకు,

నీ జవాబుల నాలుగు మాటలే ఉండె. "పిల్లకు ఎండ చూపియ్యి. ఏడువకు." ఎండ చూపిచ్చిన. రెండోది చేతగాలే.

మంచంల ఉన్నన్ని దినాలు మంచాన్నే దొడ్డిల వేసిన. కట్టు విప్పినంక చాప వేసి, లంగా మోకాళ్ళ పైకి మలిచి కూసోబెట్టిన. ఎండాకాలం తొమ్మిది గంటలకు, ఇప్పుడు పదకొండుకు. మా అత్త రోజూ కట్టె పట్టుకోని పక్కన కూసుంటది. "మూడేండ్లు తొక్కు లెక్క జాడీల పెట్టి మూతేసినవు, ఇప్పుడు వడియాల లెక్క ఎండవోస్తున్నవు. గిది పిల్లనా, కూరనా?" అంటది. తైదంబలి చూస్తె ఊర్మిల ముక్కు మూసుకుంటది. "అమ్మా, గిది గోడకు పూసేది, నాకు పోస్తున్నవ్" అంటది. అయినా తాగుతది. కొమురయ్యను మళ్ళ పిలిచిన. ఎందుకు మానిపిచ్చినవు అని వాడే అడిగిండు. చెప్పిన. చెంబు కింద పెట్టి నవ్విండు. "అన్నలు నాకు తెల్వది, సర్కారు నాకు తెల్వది. నాకు నా బర్రె ఒక్కతే తెల్సు చెల్లె" అన్నడు.

పోయిన నెల జగిత్యాలకు పోయినం. డాక్టరు పాత ఫోటో, కొత్త ఫోటో రెండు పక్కపక్కన పట్టి చూపిచ్చిండు. బీట ఉన్న కాడ తెల్లగ పూడింది. మడిమల మధ్య సందు రెండు వేళ్ళకు వచ్చింది. ఎదిగే వయసు ఇంక కొంచెం ఉన్నది, ఇంకింత తగ్గుతదేమో. మొత్తం పోదు. పోయిన పొడుగు గూడ రాదు, నా భుజం కాడికే ఉంటది. కోసుడు అక్కర లేదన్నడు. "నడువాలె, బరువు మొయ్యాలె. ఎముకకు పని చెప్పాలె" అన్నడు. దవాఖాన మెట్లు ఊర్మిల కమ్మీ పట్టుకోని తనే దిగింది. పదకొండు మెట్లు.

ఇగ విను. సోమవారం దొడ్డిల కూసున్నం. మా అత్త లోపల ఉన్నది. నీకు రాసిన నిమ్మళం మాట ఊర్మిలకు గూడ చెప్పిన. ఎట్ల మొదలు పెట్టిన్నో యాదికి లేదు. చెప్తుంటే అది కాళ్ళకు నూనె రాసుకుంటనే ఉన్నది.

"నాకు తెల్సు" అన్నది.

"ఏం తెల్సు?"

"నేను గోడ పట్టుకుంటుంటే నువ్వు చూసి, సప్పుడు చెయ్యకుంట పొయ్యి దిక్కు తిరుగుతుంటివి."

నూనె గిన్నె దాని దిక్కు జరిపిన. అప్పుడు అదే అన్నది. "భాగ్యక్క నన్ను అడిగింది అమ్మా."

"ఏమని?"

"దసరాకు వచ్చినప్పుడే. నువ్వు గూడ పెద్దగైనంక వస్తవానే అని."

"నువ్వేమన్నవు?"

"అడివిల పాములుంటయి, నేను రానన్న."

నేను దాని ముఖమే చూస్తున్న. అది నూనె గిన్నె దిక్కు చూసుకుంట చెప్పింది. "భాగ్యక్క మస్తు నవ్వింది. నువ్వు లేస్తవని దుప్పటి నోట్ల కుక్కుకోని నవ్వింది. సరే, నువ్వు చిన్నమ్మ కాడనే ఉండు, కండెలు గూడ ఎవలో ఒకలు చుట్టాలె గద అన్నది. మళ్ళ అడగలే."

"గీ మాట నాకు అప్పుడే ఎందుకు చెప్పలే బిడ్డా?"

"నువ్వు అడిగినవా?" అన్నది. గట్టిగ గూడ అనలే.

ఆ మాపు మూడేండ్ల రాతలు ముందేసుకున్న. రొట్టెలు ఎన్నో ఉన్నయి, కండెలు ఎన్నో ఉన్నయి. ఊర్మిలను ఏదన్న అడిగినట్టు ఒక్క దినం లేదు. పాములకు భయపడే పిల్లను నేను అడివికి భయపడి మూసిపెట్టిన. భాగ్య నా ఇంటి తలుపు మూసిందని నీకు రాసిన గద, ఆ మాట తప్పు. కొట్టేసుకో. తాళం నాది, చెవి నా బొడ్ల ఉండె.

భాగ్య నవ్విన సంగతి నీకు రాయాలె అనిపించింది. దుప్పటి నోట్ల కుక్కుకోని నవ్విందట. ఇంత కాలం ఆ నవ్వు నా ఇంట్లనే ఉండి, నాకు తెలువక పోయింది. అది నీది, నీకు పంపుతున్న. భాగ్య జాడ ఏమన్న తెలిస్తె రాయి. తెలువకపోయినా రాయి.

ఊర్మిల నాతోని మాట్లాడుతది. అడిగిన దానికి జవాబిస్తది. తనంతట తను వచ్చి ఒక మాట చెప్పుడు మాత్రం లేదు. అది సూదులతోని వచ్చేది కాదు, నేనేం అనను.

మొన్న రెండు దినాలు బంద్ ఉండె, దుకాండ్లు తియ్యలే. ఇంట్ల తైదలు ఒడిసినయి. బస్టాండు అవతల దుర్గవ్వ దగ్గర మూడు సోలలు బదులు తెచ్చిన. ఆమె కూలికి పోయేటామె, ఆమె ఇంట్ల గూడ ముగ్గురు పిల్లలు. నిన్న దుకాణం తీస్తె తైదలు కొనుక్కొచ్చిన. ఇయ్యాల పొద్దున ఊర్మిల సోల తీసి మూడుసార్లు నిండ కొలిచి సంచిల పోసింది.

"నేను ఇచ్చొస్త" అన్నది.

పోలీసు జీపు అప్పటికే మా గల్లీ ముందు నుంచి రెండుసార్లు పోయింది. నేను చెప్పులేసుకున్న.

"నువ్వెందుకు?" అన్నది.

"రోడ్డు దాటాలె, బరువున్నది..."

"బరువు మొయ్యుమనే చెప్పిండు గద."

లోపల నుంచి మా అత్త, "పోనియ్యరాదే! అది పోయేది దుర్గవ్వ ఇంటికి, దండకారణ్యానికి కాదు" అన్నది. ఊర్మిల నవ్వలే. నేను చెప్పులు ఇడిచిన.

తలుపు అదే తీసుకున్నది. సంచి నడుము మీద పెట్టుకోని, ఆ కాలు కొంచెం బయటికి వేసుకుంట పోయింది. గోడ ముట్టుకోలే. గల్లీ మలుపు దాక చూడాలె అనిపించింది. చూడలే. లోపలికి వచ్చి ఈ ఉత్తరం రాయ కూసున్న. జీపు మళ్ళొకసారి పోయింది, నా చెయ్యి ఆగింది, మళ్ళ రాసిన. దుర్గవ్వ ఇంటికి పోయి వచ్చుడు నాకు పావుగంట. దానికి ఎంత పడుతదో నాకు తెలువదు. గంట దాటింది. లేచి తలుపు కాడికి పోలే అక్కా, కాగితం సగం తడిసింది గని పోలే.

ఇప్పుడే వచ్చింది. చెమటలు కారుతున్నయి. ఖాళీ సంచి దండెం మీద వేసింది. "దుర్గవ్వ ఛాయ్ పోసింది. తాగి వచ్చిన" అన్నది. నేను ఏమీ అడగకముందే.

నీ చెల్లె
సరోజన

దుర్గవ్వ తైదలు మూడు సోలలు, ఊర్మిల చేత ముట్టినయి. బాకీ లేదు.